కుట్టు మాత్రం ఫస్ట్‌క్లాస్

పోయిన వారం పన్ను నొప్పికి కిషన్‌బాగ్‌లో మా సందు చివరి క్లినిక్‌కు వెళ్తే, కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మాయి ఒక అట్టముక్క నా ముందు పెట్టింది. దాని మీద సున్నా నుంచి పది దాకా అంకెలు, ఒక్కో అంకె కింద ఒక్కో మొహం. సున్నా కింద మొహం నవ్వుతోంది. పది కింది మొహం, మా మేనత్త తన కళ్లజోడు కనిపించనప్పుడు పెట్టే మొహం. "నొప్పి ఎంతుందో వేలు పెట్టి చూపించండి సార్" అంది. అలవాటు కొద్దీ తొమ్మిది మీద పెట్టాను. పెట్టగానే నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు, చివరికి కళ్ల వెంట నీళ్లు కారాయి. పాపం ఆ అమ్మాయి కంగారుపడి, "అంత నొప్పా సార్?" అంది.

అలాంటి అట్టముక్కను నేను మొదటిసారి చూసింది చిచ్చా పక్క మంచం మీద. చిచ్చా పోయి మూడు నెలలైంది.

చిచ్చా నాకు చుట్టం కాడు. మా దిక్కు చిన్నాయన వయసువాళ్లను అలా పిలుస్తాం. ఆయన పేరు నాకు తెలుసు గాని ఉన్నన్నాళ్లూ ఒక్కసారైనా నోటితో అనలేదు, పోయాక అనడం ఎందుకు? బహదూర్‌పురాలో రజాయిలు, అంటే చలికి కప్పుకునే దూది బొంతలు, కుట్టేవాడు. ఇంటి ముందు గదే దుకాణం. కనుబొమల్లో, చెవుల మీద, టోపీ అంచున ఎప్పుడూ దూది. యాభై అయిదేళ్ల మనిషి, దూరం నుంచి ఎనభై ఏళ్లవాడిలా కనిపించేవాడు. దగ్గరికొచ్చి ఒక్కసారి తుమ్మితే వయసు తగ్గిపోయేది.

నేను పాడివాళ్ల ఇంటి పిల్లవాడిని. మాకు ఆరు బర్రెలు. అందులో ఒకటి కట్టుతాడు లాగినప్పుడు నేనొక దిక్కు, నా మోకాలొక దిక్కు పోయి, లోపలి లిగమెంట్ తెగింది. చిచ్చా లిగమెంట్ తెగడానికి కారణం మేక. దబీర్‌పురా స్టేషన్ పక్క సందులో ఎదురుగా మేక వస్తుంటే, దారి ఇద్దామని వెనక్కి జరిగి, మెట్టు కనబడక మోకాలు మెలిపెట్టుకుని పడ్డాడు. మేకకు దారివ్వడమేంది చిచ్చా అంటే, "అది పెద్దది బేటా, గడ్డం గూడ ఉన్నది. మనమే జరగాలె" అన్నాడు. వేళాకోళం కాదు, ఆయన సంగతే అంత. జూ పార్కు వాళ్ల ఇంటికి దగ్గర. తెల్లవారుజామున సింహం గర్జిస్తే చిచ్చా పక్క మీద నుంచే "వాలేకుం సలాం" అనేవాడని చాచీ, అంటే ఆయన భార్య, నాతో చాలాసార్లు చెప్పింది. పలకరించినవాళ్లకు బదులివ్వకపోతే ఎట్లా అని ఆయన బాధ.

మాకిద్దరికీ ఒకే రోజు, ఒకే డాక్టరు, మూసీ అవతల ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ చేశాడు. చిచ్చా నాకంటే గంట ముందు వార్డులో చేరాడు. దాంతో వార్డుకు తాను ఇంటివాడు, నేను ఇంటికొచ్చిన మెహమాన్ అని తేల్చేసుకున్నాడు. ఆసుపత్రి వాళ్లు పెట్టిన ఇడ్లీలో ఒకటి నాకు పంపేవాడు. ఫ్యాను నా వైపు తిప్పమని వార్డుబాయ్‌ని బతిమాలేవాడు. అది పైకప్పుకు వేసిన ఫ్యాను. ఎటు తిప్పాలో తెలియక వాడు స్విచ్ ఆపి మళ్లీ వేసేవాడు, చిచ్చా తృప్తిగా తలూపేవాడు.

మత్తు దిగాక నర్సు అట్టముక్క పట్టుకొచ్చింది. నేను తొమ్మిది చెప్పాను. పది చెబితే మళ్లీ కోస్తారేమోనని భయం. తర్వాత చిచ్చా మంచం దగ్గరికి వెళ్లింది.

"పక్క బాబు ఎంత చెప్పిండు బేటీ?"

"తొమ్మిది."

"అయితె నాకు రెండు రాయి."

"ఆయన సంగతి కాదు అంకుల్, మీకు ఎంత ఉందో చెప్పండి."

"మెహమాన్ ఉండంగ నేను ఎక్కువ తీసుకుంటె ఏం బాగుంటది? రెండు చాలు."

నొప్పిని బగారన్నంలా గిన్నెలో పెట్టుకుని వడ్డిస్తున్నారని ఆయన ఉద్దేశం కాబోలు. ఆ రెండు అంకె కింద ఆయన పళ్లు బిగబట్టి పడుకోవడం నేను చూశాను. "చిచ్చా, నిజంగ ఎట్లున్నది?" అని అడిగాను. చిచ్చా వాళ్ల ఇంట్లో ఆ ప్రశ్నకు తాతల నాటి నుంచీ ఒకటే జవాబు. జ్వరమొచ్చినా, పైకప్పు కురిసినా, రైలు తప్పిపోయినా దేవుడి దయ, మీ దీవెన, అంతే. "అల్లా షుకర్. మీ దువా. ఫస్ట్‌క్లాస్."

రెండో రోజు కట్టు విప్పారు. మోకాలి కింద బెత్తెడు కూడా లేని గాటు, దాని మీద అయిదు కుట్లు. చిచ్చా కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. నా ఫోన్‌తో ఫొటో తీయించి, పెద్దది చేయించి, మళ్లీ చూశాడు. పెళ్లి రజాయి అంచు చూసినట్టు చూశాడు.

"అడుగుకు అడుగు సమానం. ఎక్కడ గుంజలే, ఎక్కడ వదలలే. డాక్టర్ సాబ్, ఎవరి దగ్గర నేర్చిన్రు?"

ఆ డాక్టరు నలభై ఏళ్ల మనిషి, మా ఇద్దరి మోకాళ్లతో పాటు రోజుకు ఇంకా నాలుగు బాగుచేసే మనిషి. ఇంతవరకూ ఏ రోగీ ఆయన్ని ఆ మాట అడిగినట్టు లేదు. చెవులు ఎర్రబడ్డాయి. సాయంత్రం పనేమీ లేకపోయినా ఇంకోసారి మా వార్డు వైపు వచ్చాడు. చిచ్చా నాతో, "మేమిద్దరం ఒక్క పనోళ్లమే. ఆయన తోలు కుడ్తడు, నేను బట్ట కుడ్త" అన్నాడు.

ఆ అభిమానమే తర్వాత ఆయన కొంప ముంచబోయింది.

కుట్లు విప్పాక మేమిద్దరం ప్రతి మంగళవారం చూపించుకోవడానికి కలిసి ఆటోలో వెళ్లేవాళ్లం. నేను ఏడుపుగొట్టువాడినని మా అమ్మే అంటుంది, వేరేవాళ్లను అననివ్వదు. మోకాలు టక్కుమందని, చల్లగా ఉందని, నిన్న వేడిగా ఉండేదని, దురద పెడుతోందని, దురద తగ్గిపోయిందని, అన్నీ డాక్టరుకు చెప్పేవాడిని. నాలుగో వారానికల్లా నన్ను చూడగానే డాక్టరు గోడ గడియారం చూడటం మొదలుపెట్టాడు. అయినా నా చెప్పుడు చిచ్చాకు నచ్చేది కాదు. "నువ్వు సరిగ చెప్తలేవు" అని నన్ను పక్కకు జరిపి, నా నొప్పి ఆయన చెప్పేవాడు. ఎక్కడ మొదలై, ఎటు పాకి, ఎంతసేపు ఆగి, ఎట్లా పోయిందో వింటుంటే నా మోకాలి మీద నాకే గౌరవం కలిగేది.

ఇతరుల కష్టం చెప్పడంలో ఆయనంత నోరు ఆ బస్తీలో ఇంకెవరికీ లేదు. రేషన్ షాపులో వేలిముద్ర పడని ముసలమ్మల తరఫున, కరెంటు ఆఫీసులో మీటరు కాలిపోయినవాళ్ల తరఫున, దూదిని ఏకినట్టు ఏకి వచ్చేవాడు. తన సొంత సంగతికి వచ్చేసరికి నోట్లో దూది కుక్కుకున్నట్టే. "నువ్వెట్లున్నవ్ చిచ్చా?" అని డాక్టరు అడిగితే, "మీ చెయ్యి సార్, ఫస్ట్‌క్లాస్" అని లేచి సలాం చేసేవాడు. డాక్టరు కాగితం మీద రాసేవాడు, బాగున్నాడని.

బాగాలేడు. మూడో వారం నుంచే బాగాలేడు.

ఆ అయిదు కుట్లలో రెండో కుట్టు పడిన చోటు పక్కన చిన్న చిల్లు పడి, తడి ఊరడం మొదలైంది. పెద్ద చీము కాదు, పెద్ద జ్వరం కాదు. పొద్దుగూకే వేళకు ఒళ్లు కాస్త వెచ్చబడేది, మోకాలు ఉబ్బేది, తెల్లారేసరికి కొంచెం దిగేది. ఒక మంగళవారం మా డాక్టరు లేనప్పుడు కట్టు కట్టే ఆయన దాన్ని చూసి చిన్న డాక్టరుకు చెప్పాడు. ఆయన అయిదు రోజుల మందులు రాసి, ఆ తడిని పరీక్షకు పంపాడు. మూడో రోజు కాగితం వచ్చింది, ఏ పురుగూ పెరగలేదని. చిచ్చా ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఎవరడిగినా తీసి చూపించేవాడు. "చూసిన్రా? ఏం మొలవలే. కుట్టు మాత్రం ఫస్ట్‌క్లాస్."

ఆ తర్వాత ఆయన దాన్ని దాచడం మొదలుపెట్టాడు. ఆటో ఎక్కే ముందు చాచీ చేత తుడిపించుకుని, గుండ్రటి ప్లాస్టరు వేయించుకుని, దాని మీద వెడల్పు పైజామా వేసి, కొంచెం అత్తరు రాసుకుని వచ్చేవాడు. వ్యాయామం చేయించే అమ్మాయి "కాలు మడవండి అంకుల్" అంటే, ఆమె దిండు గురించి మాట్లాడేవాడు. దిండులో దూది గట్టిపడితే మెడ ఎట్లా పడుతుందో, తాను దాన్ని విప్పి ఏకి మళ్లీ ఎట్లా నింపుతాడో చెబుతుంటే ఆ అమ్మాయి మెడ పట్టుకుని వినేది. కాలు సంగతి ఇద్దరూ మరిచిపోయేవాళ్లు.

మొహమాటానికి పోతే కడుపైందని సామెత. ఈయనకు మొహమాటంతో మోకాలు పోయేలా ఉంది. నేను ఆటోలో తిట్టాను. అప్పుడు చెప్పాడు.

"నేను చిన్నగ ఉన్నప్పుడు ఒకాయన మా బాపు కుట్టిన రజాయి తెచ్చి గల్లీల ఇసిరేసిండు బేటా. దూది ఉండలు కట్టిందని, అందరి ముంగట లొల్లి. ఉండలు లెవ్వు. వాళ్లింట్ల తడిసింది. మా బాపు ఒక్క మాట అనలే. దాన్ని ఎత్తుకొని లోపలికి పోయిండు. వారం దినాలు సూది పట్టలే." జేబులో కాగితం సర్దుకున్నాడు. "పని చేసినోని ముంగటికి పోయి నీ పని చెడింది అని ఎట్ల అంట? ఆయన కుట్టు మంచిదే. నా ఒళ్లే మంచిగ లేదు."

ఆ మంగళవారం డాక్టరుకు నేను నా దురద సంగతి కూడా చెప్పలేదు.

దసరా దగ్గరికొచ్చింది. చలి రాకముందే రజాయిలు కుట్టించుకునే రోజులు అవి. ఒక మధ్యాహ్నం పాలు పోసి వస్తూ వాళ్లింటికి వెళ్లాను. రజాయి కుట్టడం ఎప్పుడైనా చూశారో లేదో. కుట్టే మనిషి దాని మీదే కూర్చోవాలి. నడుమ బాసింపట్టు వేసుకుని కూర్చుని, కుట్టుకుంటూ, వెనక్కి జరుగుతూ, అంచుకు రావాలి. కుర్చీలో కుదరదు, మిషన్ మీద చిచ్చా లాంటివాళ్లకు అసలే కుదరదు. నేను వెళ్లేసరికి చిచ్చా నిలబడి, మంచం మీద రజాయి పరిచి, వంగి కుడుతున్నాడు.

"ఇదేంది చిచ్చా?"

"కొత్త పద్ధతి. మస్తు హాయిగున్నది" అన్నాడు, నడుం పట్టుకుంటూ. కుట్టడం అయిపోయింది, ఎత్తుదాం పట్టు అన్నాడు. ఇద్దరం చెరో పక్క పట్టుకుని ఎత్తాం. రజాయితో పాటు కింది దుప్పటి లేచింది. దుప్పటితో పాటు పరుపు లేచింది. పరుపుతో పాటు చిచ్చా కూడా ముందుకు వంగాడు, కుర్తా అంచు కూడా కుట్టులో పడింది. పక్క గదిలోంచి చాచీ వచ్చి చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ముగ్గురం చాలాసేపు నవ్వాం. చాచీ కత్తెర తెచ్చి ఆయన్ని రజాయి నుంచి విడదీసింది.

నవ్వు తగ్గాక ఆయన కింద కూర్చోబోయాడు. గోడ పట్టుకుని, కుడికాలు మడిచి, ఎడమకాలు మడవబోతే అది సగంలోనే ఆగిపోయింది. చేత్తో నొక్కాడు. మొహం మీద చెమట పట్టింది. కాలు చాపుకుని, పక్కనున్న దూది కుప్పను చూస్తూ నెమ్మదిగా అన్నాడు. "కూసోరాకపోతె నేనెందుకు బేటా ఇగ?"

వెంటనే ఏదో తప్పు మాట జారినట్టు సర్దుకున్నాడు. "అల్లా షుకర్. ఫస్ట్‌క్లాస్."

వచ్చేటప్పుడు చాచీ గడప దగ్గర నన్నాపి, ఉతికి మడతపెట్టిన చేతిరుమాళ్ల దొంతి చూపించింది. అన్నీ ఆ తడికే. రోజుకు మూడు మార్చాల్సి వస్తోందట. "నేను చెప్పబోతె కొంగు గుంజుతడు. నువ్వు చెప్పు బేటా. నీకు ఏడుసుడు అలవాటే గద, నీకేం నామోషీ?" అంది. పొగిడిందో తెగిడిందో ఇప్పటికీ తెలియదు.

చెప్పడానికి నాకేం నామోషీ లేదు. చెబితే నమ్మేదెవరు? ఆ డాక్టరుకు నేను గడియారం చూసుకునే రకం రోగిని. దోమ కుడితే తొమ్మిది చెప్పేవాడిని. నేను చిచ్చా తరఫున చెప్పడం, చిచ్చా పక్కనే నిలబడి, పిల్లగాడు ఊరికె ఫికర్ చేస్తడు సార్, నేను ఫస్ట్‌క్లాస్ అనడం, ఎవరి మాట నిలుస్తుందో నాకు తెలుసు. ఆయన సంగతి ఆయన నోటితోనే రావాలి. ఆయన నోరు ఇతరుల సంగతికే లేస్తుంది. తర్వాతి మంగళవారం ఆటోలో సగం దారి వెళ్లాక నాకు ఉపాయం తట్టింది.

"చిచ్చా, ఎవరికి చెప్పలే గని, నాకు గూడ నీ లెక్కనే అయితున్నది" అన్నాను.

"అంటె?"

"గదే. తడి, జ్వరం, ఉబ్బు. అచ్చం నీకున్నట్టే. చెప్పాలంటె భయమైతున్నది. గీసారి నువ్వే చెప్పాలె నా తరఫున."

ఆయన నా వైపు తిరిగి, రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. "నీకు గూడనా బేటా? ముందుగాల చెప్పొద్దా? నేను లేనా?" అన్నాడు. కళ్లు తడిశాయి. నాకు సిగ్గేసింది. ఆటో దిగి పారిపోదామనిపించింది, పారిపోవడానికి మోకాలు సహకరించదు.

డాక్టరు నన్ను చూసి గడియారం చూశాడు. చిచ్చా నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, గొంతు సవరించుకున్నాడు.

"సార్, గీ పిలగాడు మీకు చెప్తలేడు. మూడో వారం సంది గిట్లనే ఉన్నది. రెండో కుట్టు పక్కన సూది పట్టేంత చిల్లు. అండ్లకెల్లి మజ్జిగ మీది తేట లెక్క కారుతది, వాసన రాదు. పొద్దూకంగ ఒళ్లు కాలుతది, మఘ్రిబ్ నమాజ్‌కు నిలబడంగ చలి పుడ్తది..."

"ఇతనికా?" అన్నాడు డాక్టరు.

"వీనికే సార్. తెల్లారితె దిగుతది, గందుకే ఎవ్వరికి కనబడది. మడిస్తె జానెడు మడుస్తది, అటెనక లోపల సూది ఇరిగి ఉండిపోయినట్టు ఉంటది. రాత్రి పక్క మీద ఎటు తిరిగినా అదే. పనికి కూసోరాదు సార్. కూసునుడే వీని పని. గది పోతె మనిషి పోయినట్టే. వీడు నవ్వుతడు గని లోపల మస్తు భయపడ్తున్నడు. ఇంట్ల ఆడమనిషి రుమాళ్లు ఉతుక్కుంట ఏడుస్తది..."

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. లేచి వచ్చి, వంగి, నా ప్యాంటు మోకాలి దాకా మడిచాడు. నా మోకాలు పొడిగా, నున్నగా, కొంచెం పేడ అంటుకుని ఉంది. అటూ ఇటూ మడిచి చూశాడు. తల ఎత్తి నన్ను చూశాడు.

"సార్, ఆ మోకాలు ఇది కాదు" అన్నాను. "అది."

చిచ్చాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థం కాగానే కుర్తా రెండు చేతులా కిందికి లాక్కుని, తలుపు వైపు జరిగాడు. "ఏం లేదు సార్. పిలగాడు మజాక్ చేస్తడు. మీ కుట్టు ఫస్ట్‌క్లాస్."

"కూర్చోండి" అన్నాడు డాక్టరు. తానే నేల మీద మోకాళ్లు ఆనించి, పైజామా మడిచి, ప్లాస్టరు తీసి చూశాడు. చాలాసేపు చూశాడు. "ఇన్ని వారాలు నాకెందుకు చెప్పలేదు?"

చిచ్చా నేల చూస్తూ అన్నాడు. "మీరు ఇంత మంచిగ కుట్టిన్రు. ఎట్ల చెప్త సార్?"

డాక్టరు సూదితో మోకాలిలోంచి నీరు తీసి, నా ముందే ల్యాబుకు ఫోన్ చేశాడు. రెండు మూడు రోజులు చూసి పారేయొద్దని, ఇంకా చాలా రోజులు ఉంచమని, ఫలానా రకం కోసం ప్రత్యేకంగా వెతకమని గట్టిగా చెప్పాడు. తర్వాత మా వైపు తిరిగి, ఇది మనం ముందే వెతకాల్సింది, అన్నాడు. పెద్ద డాక్టరు ఆ మాట పైకి అనడం నేను అప్పుడే విన్నాను.

కొన్నాళ్లకు పురుగు దొరికింది. అది టీబీకి చుట్టమట. నీళ్లలో, మట్టిలో ఉంటుందట. మామూలు పరీక్షకు చిక్కదు, మామూలు మందులకు లొంగదు, ఎప్పుడో గాని ఇట్లా ఆపరేషన్ చేసిన చోటికి రాదు. ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేకపోయారు. వచ్చినా పెద్ద జ్వరంతో హడావుడి చేయదు, మూలన కూర్చుని తన పని తాను చేసుకుపోతుంది. ఇదంతా డాక్టరు చెప్పాక చిచ్చా తలూపి, "అయితె అది గూడ మా ఖాందాన్‌దే సార్. ఎంత ఉన్నా చప్పుడు చెయ్యది" అన్నాడు.

మళ్లీ కోసి, లోపలంతా కడిగి, వేసిన కొత్త లిగమెంట్ తీసేశారు. నెలల తరబడి సూదులు, నోరంతా చేదు చేసే గోలీలు. కాలు ఎంత మడుస్తుందో అప్పుడే చెప్పలేమన్నారు.

చిచ్చాకు నా మీద కోపమొచ్చింది. ఆయనకు కోపం వస్తే మర్యాద పెరుగుతుంది. నన్ను బేటా అనడం మానేశాడు. నేను ఆసుపత్రికి వెళ్తే, "రండి సాబ్, కూసోండి సాబ్, మీరెట్లున్నరు?" అనేవాడు. ఒకసారి నా కోసం మంచం మీద నుంచి లేవబోయాడు కూడా, సెలైను పైపుతో సహా. అంతకంటే చెంపదెబ్బ నయం. పనివాడి ముందే పని చెడిందని తనతో చెప్పించానని, అదీ అబద్ధమాడి చెప్పించానని ఆయన బాధ. చెప్పకపోతే కాలు పోయేదని నేనంటే, "నిజమే సాబ్, మీరు పెద్దోళ్లు" అనేవాడు. ఆ "సాబ్" నాకు నిజంగానే గుచ్చుకునేది. ఇంటికొచ్చి బర్రెల మీద అరిచేవాడిని.

ఆ సూదుల వల్ల వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉందట. అందుకని మధ్య మధ్య చెవి పరీక్ష చేసేవారు. గాజు గదిలో కూర్చోబెట్టి చెవులకు డబ్బాలు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలు ఎత్తమంటారు. చిచ్చా ఎత్తాడు. వినిపించినప్పుడూ ఎత్తాడు, వినిపించనప్పుడూ ఎత్తాడు. ఆ అమ్మాయి యంత్రం ఆపేసి కాగితం మీద రాసుకుంటుంటే అప్పుడు కూడా ఎత్తాడు. "ఈయనకు మనుషులకు వినిపించనివి కూడా వినిపిస్తున్నాయి మేడం" అని ఆమె చాచీతో అంది. చాచీ నెత్తి కొట్టుకుంది.

"చప్పుడు రానప్పుడు గూడ వేలు ఎందుకు లేపినవ్?"

"ఆ పిల్ల అంత కష్టపడి చప్పుడు చేస్తుంటె, రాలే అని ఎట్ల అంట?"

ఆ రోజు చాచీ అక్కడే, ఆసుపత్రి వరండాలో, పెళ్లయిన ముప్పయ్యేళ్లలో మొదటిసారి గొంతెత్తింది. "నువ్వు చెవిటోనివైతె నేనెవరితోని మాట్లాడాలె?" అంది. అంతే. చిచ్చా లోపలికి వెళ్లి, మళ్లీ కూర్చుని, వినిపించినప్పుడే వేలెత్తాడు. చాచీ ఏడవడం గాజులోంచి కనిపిస్తుంటే ఆ పని చేయడం ఆయనకు ఎంత కష్టమైందో నేను చెప్పలేను. నాకు కూడా కళ్లు సరిగా కనిపించలేదు.

అప్పటి నుంచి ఆయన ఒక దారి కనిపెట్టాడు. నిజం చెప్పాలి, ఎదుటివాడి మనసు నొవ్వకూడదు. డాక్టరు ఎట్లుందని అడిగితే, "కొంచెం బాగలేదు సార్. మీ తప్పేం లేదు" అనేవాడు. డాక్టరుకు నచ్చింది. చిచ్చాకు ఇంకా నచ్చింది. ఇక దాన్ని వదల్లేదు. హోటల్లో చాయ్ చల్లారితే, "చాయ్ బాగలేదు భాయ్, మీ తప్పేం లేదు." కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి, "లైటు లేదు సార్, మీ తప్పేం లేదు." అటువైపు ఆయనకు ఏమి జవాబివ్వాలో తోచక వెంటనే మనిషిని పంపేవాడట. అడగందే అమ్మయినా పెట్టదని పెద్దలన్నారు గాని, ఇట్లా అడిగితే కరెంటు ఆఫీసు వాళ్లు కూడా పెడతారని మాకు అప్పుడే తెలిసింది.

తర్వాతి చలికాలం రాకముందు ఒక పొద్దున ఫోన్. "అరే గాడిదె. పాలు పోసినంక ఇటు రా."

గాడిదె అన్నాడు. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. పాలక్యాన్లు అట్లాగే బండి మీద పెట్టుకుని వెళ్లాను.

ముందు గదిలో రజాయి పరిచి ఉంది. దాని నడుమ చిచ్చా కూర్చుని ఉన్నాడు. కుడికాలు పూర్తిగా మడిచి, ఎడమకాలు కాస్త పక్కకు చాపి. మునుపటిలా కాదు. అయినా కూర్చున్నాడు. కుడుతూ, వెనక్కి జరుగుతూ, అంచుకు వచ్చాడు. ఆఖరి ముడి వేసి, దారం పంటితో తెంపి, ఆ రజాయి నా ఒళ్లో పెట్టాడు. "కూసోని కుట్టిన మొదటిది. ఇది నీది."

నేను ఇంటికి తీసుకెళ్లి కప్పుకుని చూశాను. సరిగ్గా మోకాలి దగ్గర నిమ్మకాయంత ఉండ. రాత్రంతా అది గుచ్చుకుంది. మర్నాడు చిచ్చా ఫోన్ చేసి ఎట్లున్నదని అడిగాడు. నాకు తెలిసినంతలో నా జన్మలో మొదటిసారి నేను మర్యాదకు పోయాను. "మస్తున్నది చిచ్చా. ఫస్ట్‌క్లాస్."

అటువైపు ఒక తుమ్ము వినిపించింది.

"ఉండ తగలలేదా?"

"లేదే."

"అబద్ధాలకోర్. కావాలనే పెట్టిన. చెప్తవో లేదో చూద్దామని. నా నోటితోని చెప్పించినోనివి, నీ నోటికేమైంది?" అని అరగంట దూది ఏకినట్టు ఏకాడు. ఆ అరగంట తిట్లు నాకు ఇప్పటికీ తల్చుకుంటే హాయిగా ఉంటుంది. విప్పి సరిచేస్తాను తెమ్మన్నాడు. నేను తీసుకెళ్లలేదు.

ఆ తర్వాత మూడు చలికాలాలు కుట్టాడు. పోయింది మోకాలితో కాదు, గుండెతో. ఒక్క రోజు ఆసుపత్రిలో ఉన్నాడు. నేను వెళ్లేసరికే అయిపోయింది. మూడో రోజు ఫాతెహా ప్రార్థనకు వాళ్లింటికి వెళ్తే, చాచీ దూది సంచుల పక్కన కూర్చుని ఉంది. ఆ రోజు డ్యూటీలో ఉన్నది కొత్త డాక్టరట, మీసం కూడా సరిగా రాలేదట. నరం దొరకక మూడుసార్లు సూది గుచ్చాడట. అంతా చేసి, వంగి, ఎలా ఉంది తాతా అని అడిగాడట.

"ఆ పిల్లగాని చెయ్యి పట్టుకున్నడు బేటా" అంది చాచీ. "బాగలేదు సార్, అన్నడు. మీ తప్పేం లేదు, అన్నడు. గదే ఆఖరి మాట."

అట్టముక్క మీద నా వేలు తొమ్మిది దగ్గరే ఉంది. కౌంటర్ అమ్మాయి మళ్లీ అడిగింది, నిజంగా అంత నొప్పా సార్ అని.

"పన్ను రెండే అమ్మా" అన్నాను. "మిగతా ఏడింట్ల మీ తప్పేం లేదు."